12,34,56,789ని కాగితం మీద విప్పి చూడటం ఎలా?

పెద్ద సంఖ్య కనబడగానే ఫోన్ తీసి దాని కారణాంకాలు అడగడం ఇప్పుడు అందరికీ అలవాటే. జవాబు అర సెకనులో వచ్చేస్తుంది. అవే కారణాంకాలు ఎందుకు వచ్చాయో ఫోన్ చెప్పదు, మనమూ అడగం. నాకైతే లెక్కల్లో ఉన్న ఆనందమంతా ఆ ‘ఎందుకు’లోనే కనిపిస్తుంది. అందుకని ఈసారికి క్యాలిక్యులేటర్ పక్కన పెట్టండి. అంకెలన్నీ వరుసగా నిలబడ్డ 12,34,56,789ని తీసుకుని దాని గుణాలు ఒక్కొక్కటే రాబడదాం. పెన్ను, రెండు తెల్ల కాగితాలు, ఎనిమిదో తరగతి లెక్కలు ఉంటే చాలు. పద్ధతి పట్టుబడ్డాక మీకు నచ్చిన ఏ సంఖ్య మీదైనా ఇదే వరుసలో పని చేయవచ్చు.

ముందు రెండు రకాలుగా రాసుకోండి

పన్నెండు కోట్ల ముప్పై నాలుగు లక్షల యాభై ఆరు వేల ఏడు వందల ఎనభై తొమ్మిది. చదువుకోవడానికి మన లక్షల, కోట్ల కామాలే హాయిగా ఉంటాయి. పరీక్షలకు మాత్రం కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీసిన రూపం కావాలి: 123 | 456 | 789. ఎందుకంటే 1,000కి అటూ ఇటూ రెండు మంచి సంఖ్యలున్నాయి. ఒకటి 1,001, అంటే 7 × 11 × 13. రెండోది 999, అంటే 27 × 37. వీటి వల్ల ఒక్క కూడికతోనో తీసివేతతోనో నాలుగైదు భాగహారాలు తప్పిపోతాయి. రెండు రూపాలూ కాగితం పైభాగాన పెద్దగా రాసి ఉంచుకోండి.

చివరి అంకె 9 కాబట్టి 2, 5 కారణాంకాలు కావు. చివరి మూడంకెలు 789ని 8తో భాగించండి: శేషం 5. వెయ్యి 8తో నిశ్శేషంగా పోతుంది కనుక మొత్తం సంఖ్యకూ శేషం 5 అన్నమాట. ఈ 5ని మార్జిన్‌లో రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అంకెలు కూడండి

1 నుంచి 9 వరకు కూడితే 45. అది 9తో పోతుంది, కాబట్టి మన సంఖ్యా 9తో పోతుంది. ఇది అందరికీ తెలిసిన సూత్రమే. అయినా ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అంకెల వరుస ఎలా మార్చినా మొత్తం 45 మారదు కదా! 1 నుంచి 9 వరకు అంకెల్ని ఒక్కోసారి వాడి రాయగల సంఖ్యలు 3,62,880. అవన్నీ 9 గుణిజాలే. వాటిలో ప్రధాన సంఖ్య ఒక్కటి కూడా లేదు. ఒక చిన్న కూడికతో మూడున్నర లక్షలకు పైగా సంఖ్యల సంగతి తేలిపోయింది.

ఇప్పుడు 9తో భాగించండి. 1,37,17,421 వస్తుంది. దీని అంకెలు మళ్లీ కూడితే 26. అది 3తో పోదు. అంటే మన సంఖ్యలో 3 సరిగ్గా రెండుసార్లే ఉంది.

7, 11, 13, 37: నాలుగూ రెండు లైన్లలో

మూడేసి అంకెల గుంపుల్ని కుడి నుంచి ఒకటి కలుపుతూ, ఒకటి తీసేస్తూ పోండి: 789 − 456 + 123 = 456. ఈ 456ని 7తో భాగిస్తే శేషం 1, 11తో 5, 13తో 1. పెద్ద సంఖ్యకూ అవే శేషాలు. మూడూ కారణాంకాలు కావు. 37 కోసం గుంపుల్ని కూడితే చాలు: 789 + 456 + 123 = 1,368. 37 × 36 = 1,332, మిగిలింది 36. ఇదీ కాదు.

ఇక భాగహారాలు ఆపి ఫెర్మా దారి పట్టండి

చాలామంది ఇక్కడే విసిగిపోతారు. 17, 19, 23 అంటూ ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోతే, 1,37,17,421 వర్గమూలం అయిన 3,703 దాకా వెళ్లాలి. అంతదాకా వెళ్లాలంటే 500కు పైగా భాగహారాలు. చేతితో ఎవరికి ఓపిక?

17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు పియరీ ద ఫెర్మా దీనికి వేరే దారి కనిపెట్టాడు. మనం బడిలో బట్టీ పట్టిన ఏ² − బీ² = (ఏ + బీ)(ఏ − బీ) సూత్రమే దానికి ఆధారం. ఒక బేసి సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే, దాని కారణాంకాలు దొరికినట్టే. కాబట్టి కారణాంకాల కోసం వెతకడం మానేసి వర్గాల కోసం వెతకాలి.

చేయాల్సింది ఇదీ. 3,700ని వర్గం చేస్తే 1,36,90,000. మన సంఖ్యకు ఇంకా 27,421 తక్కువ. దాన్ని 7,400తో, అంటే 3,700కి రెట్టింపుతో, భాగిస్తే సుమారు 3.7. కాబట్టి వర్గమూలం 3,703కీ 3,704కీ మధ్య ఉంది. పెద్దదైన 3,704తో మొదలుపెట్టండి.

3,704² = 1,37,19,616. ఇందులోంచి 1,37,17,421 తీసేస్తే 2,195. ఇది ఏదైనా సంఖ్యకు వర్గమా? వర్గమూలం కట్టక్కర్లేదు. 5తో ముగిసే వర్గాలన్నీ 25తోనే ముగుస్తాయి. 95తో ముగిసింది కాబట్టి కాదు.

ఒకటి పెంచండి. 3,705² = 1,37,27,025. తీసివేస్తే 9,604. దీన్ని చూడగానే గుర్తుపట్టాలి: 100 కంటే 2 తక్కువైన 98ని వర్గం చేస్తే 10,000 − 400 + 4, అంటే 9,604!

అంతే. 1,37,17,421 = 3,705² − 98² = (3,705 + 98)(3,705 − 98) = 3,803 × 3,607. ఐదు వందల భాగహారాలు చేయాల్సిన చోట రెండో ప్రయత్నానికే పని అయిపోయింది. ఈ లెక్క ఎన్నిసార్లు చేసినా నాకు అదే సంబరం. మీరు కూడా చదివి ఊరుకోకుండా ఆ రెండు తీసివేతలు మీ చేత్తో చేయండి.

ఇంత తొందరగా ఎందుకు తేలింది? 3,607, 3,803 రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి. కారణాంకాలు ఒకటి చిన్నదీ మరొకటి చాలా పెద్దదీ అయితే ఈ పద్ధతి వేల మెట్లు ఎక్కిస్తుంది, అప్పుడు మామూలు భాగహారమే నయం. ఫెర్మా స్వయంగా 1643 ప్రాంతంలో రాసిన ఉత్తరంలో 202,76,51,281ని ఇలాగే 44,021 × 46,061గా విడదీసి చూపించాడు. అందులోనూ రెండు కారణాంకాలు దగ్గర దగ్గరగానే ఉన్నాయి.

ఇది పాత కాలపు ముచ్చట అనుకోకండి. ఇంటర్నెట్‌లో మన సమాచారాన్ని కాపాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతి రెండు భారీ ప్రధాన సంఖ్యల లబ్ధం మీదే ఆధారపడుతుంది. ఆ రెండూ మరీ దగ్గరగా ఉండకూడదన్న జాగ్రత్త ఈ ఫెర్మా పద్ధతి వల్లే వచ్చింది. 2022లో కొన్ని ప్రింటర్లు తయారుచేసుకున్న ఆర్‌ఎస్‌ఏ తాళాలు, మనం ఇప్పుడు చేసిన లెక్క లాంటిదానికే విడిపోయాయని బయటపడింది.

దొరికినవి ప్రధాన సంఖ్యలేనా?

ఈ పని మాత్రం తప్పించుకోలేరు. 60ని వర్గం చేస్తే 3,600, కాబట్టి 3,607కి 59 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. 61² = 3,721, 62² = 3,844, కాబట్టి 3,803కి 61 వరకు. 2, 3, 5 చూడగానే పోతాయి, మిగతావి కూర్చుని చేయండి. 17తో 3,607కి శేషం 3, 53తోనూ 3, 59తో 8. 19తో 3,803కి శేషం 3, 29తో 4, 61తో 21. ఎక్కడా సున్నా రాదు. రెండూ ప్రధాన సంఖ్యలే. కాబట్టి:

12,34,56,789 = 3² × 3,607 × 3,803

దీనికి ఒక గీత గీసి పెట్టుకోండి. ఇక మీదట వచ్చే చాలా జవాబులు ఈ ఒక్క లైన్‌లోంచే వస్తాయి.

కారణాంకాలు ఎన్ని, వాటి మొత్తం ఎంత

ప్రతి ఘాతానికీ ఒకటి కలిపి గుణిస్తే కారణాంకాల సంఖ్య వస్తుంది: 3 × 2 × 2 = 12. అవి 1, 3, 9, 3,607, 3,803, 10,821, 11,409, 32,463, 34,227, 1,37,17,421, 4,11,52,263, చివరగా ఆ సంఖ్యే. మొదటిదాన్ని చివరిదానితో, రెండోదాన్ని చివరి నుంచి రెండోదానితో జతకడుతూ గుణించి చూడండి. ప్రతి జతా 12,34,56,789నే ఇవ్వాలి, లేదంటే ఎక్కడో తప్పు దొర్లినట్టు.

మొత్తానికి (1 + 3 + 9) × (1 + 3,607) × (1 + 3,803) కట్టండి. 13 × 3,608 × 3,804 = 17,84,22,816. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే 5,49,66,027. తన కంటే చిన్నవైన కారణాంకాలన్నీ కలిసినా సంఖ్యలో సగానికి కూడా చేరలేదు. 6, 28, 496 లాంటి పరిపూర్ణ సంఖ్యల్లో ఈ మొత్తం సరిగ్గా సంఖ్యకే సమానం అవుతుంది. మనది వాటికి చాలా దూరం.

దీని కంటే చిన్నవై, దీనితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు ఎన్ని ఉన్నాయో కూడా ఇలాగే వస్తుంది. 9లో మూడో వంతు తీసేస్తే 6, మిగతా రెండు ప్రధాన సంఖ్యల్లోంచి ఒక్కొక్కటి తీసేసి గుణించండి: 6 × 3,606 × 3,802 = 8,22,60,072. దాదాపు మూడింట రెండు వంతులు. 3 ఒక్కటే మూడో వంతును తీసేస్తుంది, మిగతా రెండు ప్రధాన సంఖ్యల ప్రభావం నామమాత్రం.

వర్గాలతో దీని చుట్టరికం

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. ముందు 11,111ని వర్గం చేయండి. 12,34,54,321 వస్తుంది, మన సంఖ్యకు కూతవేటు దూరంలో. తేడా ఎంతో చూడండి: 2,468. సరి అంకెలు వరుసగా!

5 దాకా ఎక్కి మళ్లీ దిగే ఇలాంటి సంఖ్యల మీద మన దేశంలో చాలా పాత మమకారమే ఉంది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో పూలదండల్లా ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలు ఇచ్చే గుణకారాలున్నాయి. 2,79,94,681ని 441తో గుణిస్తే 12345654321 రావడం వాటిలో ఒకటి. అది 1,11,111కి వర్గం, అంటే పైన మనం కట్టిన 11,111 వర్గానికి అన్నగారు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో తొలినాటి గణిత గ్రంథంగా దాన్నే చెప్పుకుంటాం.

సరే, మన సంఖ్య పరిపూర్ణ వర్గమా? మార్జిన్‌లో రాసుకున్న 5ని చూడండి. బేసి సంఖ్య వర్గాన్ని 8తో భాగిస్తే ఎప్పుడూ శేషం 1 రావాలి. ఇక్కడ 5 వచ్చింది, కాబట్టి కాదు.

రెండు వర్గాల మొత్తమా? ఇక్కడ తొందరపడకండి. 4తో భాగిస్తే శేషం 1 వస్తోంది, కాబట్టి కావచ్చేమో అనిపిస్తుంది. తీర్పు చెప్పాల్సింది మాత్రం ప్రధాన కారణాంకాలు. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా బేసి ఘాతంతో కనిపిస్తే, ఆ సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయలేం. 3,607కి 3 మిగులుతుంది, 3,803కీ 3 మిగులుతుంది, రెండింటి ఘాతమూ 1. కాబట్టి ఎంత వెతికినా దొరకదు.

మూడు వర్గాల మొత్తంగా మాత్రం రాయవచ్చు. 4తో పోని సంఖ్యను 8తో భాగిస్తే 7 మిగలకపోతే చాలు, మూడు వర్గాలు సరిపోతాయని 1798లో ఫ్రెంచి గణితజ్ఞుడు లెజాండ్ర చెప్పిన సూత్రం. మళ్లీ ఆ 5 అక్కరకొచ్చింది. సూత్రం ఉందని మాత్రమే చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. వెతకడం మన పని. ఇందాకటి 2,468 తీసుకోండి. అది 4 × 617. 617 = 19² + 16², కాబట్టి 2,468 = 38² + 32². ఇంకేం కావాలి:

12,34,56,789 = 11,111² + 38² + 32²

త్రిభుజ సంఖ్య, అంటే 1 + 2 + 3 + … అని కూడుకుంటూ పోతే వచ్చే సంఖ్య అవునో కాదో తేల్చడానికి 8తో గుణించి 1 కలపాలి. అది వర్గం అయితేనే అవును. 98,76,54,313 వస్తుంది. ఏ వర్గమూ 3తో ముగియదు, కాబట్టి కాదు.

ఇప్పుడు గుణించి చూడండి, ఎందుకో కూడా పట్టుకోండి

8తో గుణించి 9 కలపండి: 98,76,54,321. 9తో గుణించి 10 కలపండి: 111,11,11,111. ఇవి వాట్సాప్‌లో తిరిగే ‘అద్భుతాలే’. చూసి వదిలేయకండి, వీటికి ఒకటే మూలం ఉంది. సంఖ్యను 81తో గుణించండి. 999,99,99,909 వస్తుంది. సరిగ్గా వెయ్యి కోట్లకు 91 తక్కువ! మన సంఖ్య పుట్టిల్లు ఇదే: వెయ్యి కోట్లలోంచి 91 తీసేసి 81తో భాగించడం.

వెయ్యి కోట్లలోంచి 1 తీసేసి 9తో భాగిస్తే పది ఒకట్లు వస్తాయి. మిగతా 90ని 9తో భాగిస్తే 10. అందుకే 9తో గుణిస్తే పది ఒకట్లకు 10 తక్కువ వచ్చింది. 8 సంగతి కూడా ఇందులోనే ఉంది: ఒకట్ల వరుసకు 1 తక్కువైన 111,11,11,110లోంచి మన సంఖ్యను తీసేయండి, 98,76,54,321 మిగులుతుంది.

వర్గమూలం సంగతీ తేలిపోయింది. వెయ్యి కోట్లకు వర్గమూలం లక్ష, 81కి 9. లక్షను 9తో భాగిస్తే 11,111.11. మన సంఖ్య పక్కనే 11,111 వర్గం ఎందుకుందో చూశారా? లక్షను 27తో భాగిస్తే 3,703.7. ఫెర్మా దారిలో మనం బయల్దేరిన చోటు అదే.

ఇంకొకటి. 2, 4, 5, 7, 8తో గుణించి చూడండి: 24,69,13,578, 49,38,27,156, 61,72,83,945, 86,41,97,523, 98,76,54,312. ప్రతిదాంట్లోనూ 1 నుంచి 9 వరకు అంకెలు ఒక్కోసారే ఉన్నాయి. 3, 6తో మాత్రం ఈ గుణం చెడిపోతుంది: 37,03,70,367, 74,07,40,734. 9తో ఉమ్మడి కారణాంకం ఉన్నవే చెడగొడుతున్నాయి.

తర్వాత వేటి మీద చేయాలి

మొదట 98,76,54,321 మీద చేయండి. దీనికీ మన సంఖ్యకూ గ.సా.భా. కట్టడం ఒక్క మెట్టు పని: 98,76,54,321 = 8 × 12,34,56,789 + 9, కాబట్టి గ.సా.భా. 9. 9 తీసేశాక 10,97,39,369 మిగులుతుంది. దీనికి ఫెర్మా దారి పట్టకండి, చాలా దూరం తిప్పుతుంది. 17తో భాగించండి, వచ్చినదాన్ని మళ్లీ 17తో భాగించండి. 3,79,721 మిగులుతుంది. అది ప్రధాన సంఖ్యే. నిర్ధారించుకోవడానికి 616 లోపు ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించాలి, ఒక సాయంత్రం పడుతుంది.

ఆ తర్వాత 12,34,56,789 చివర ఒక్క 1 చేర్చి 123,45,67,891 చూడండి. అంకెల మొత్తం 46 అవుతుంది, దాంతో 3 పోయింది. చివర 1 ఉంది, దాంతో 2, 5 పోయాయి. మూడేసి గుంపులు 1 | 234 | 567 | 891 తీసుకుంటే 891 − 567 + 234 − 1 = 557. 7తో శేషం 4, 11తో 7, 13తో 11. ఇంకా ముందుకు వెళ్లినా కారణాంకం దొరకదు, ఎందుకంటే ఇది ప్రధాన సంఖ్య. చేత్తో పూర్తిగా నిరూపించాలంటే 35,136 వరకు వెళ్లాలి. ఆ ఒక్క పనికి కంప్యూటర్ వాడుకోండి.